రెండు చేతుల పని

ఆనీ డిఫ్రాంకో గిటార్ వాయిస్తుంటే ముందుగా కంటపడేవి కుడిచేతి వేళ్లకున్న ప్లాస్టిక్ గోళ్లు, వాటిని బిగించి చుట్టిన నల్ల టేపు. కరెంటు పనివాళ్లు వైర్ల అతుకులకు చుట్టే టేపే అది. గోళ్లేమో ఆడపిల్లలు ముచ్చటకు అంటించుకునేవి. గిటార్ వాద్యకారుల్లో కొందరు తీగల్ని మీటడానికి పిక్ అనే చిన్న ముక్క పట్టుకుంటారు, కొందరు సొంత గోళ్లు పెంచుకుంటారు. ఈమె తీగల మీద చూపించే జోరుకు పిక్ చాలదు, సొంత గోరు ఆగదు. అందుకని చవకగా దొరికే రెండు వస్తువుల్ని కలిపి, కావలసిన పనిముట్టు తనే చేసుకుంది. పాట కట్టడంలోనూ, దాన్ని రికార్డు చేయడంలోనూ, జనానికి చేర్చడంలోనూ ఆమెది ఇదే పద్ధతి. మూడు దశాబ్దాలకు పైగా ఏ పెద్ద సంగీత కంపెనీ నీడనూ చేరకుండా పాడుతున్న ఈ వాగ్గేయకారిణి స్వతంత్రత గురించి చాలామంది మాట్లాడారు. ఆ స్వతంత్రతను నిలబెట్టింది పనితనమే. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఆమె 1970లో అమెరికాలో, కెనడా సరిహద్దునున్న బఫెలో నగరంలో పుట్టింది. ఉక్కు కర్మాగారాలు మూతపడుతున్న రోజుల్లో అక్కడే పెరిగింది. తొమ్మిదో ఏట గిటార్ పట్టింది. మైకేల్ మెల్‌డ్రమ్ అనే స్థానిక జానపద గాయకుడు ఆ పిల్లను వెంటబెట్టుకుని బార్లకు తీసుకెళ్లి పాడించాడు. పదిహేనేళ్లకే ఆమె అమ్మానాన్నల నుంచి విడిగా, తన బతుకు తను చూసుకోవడం మొదలుపెట్టింది.

బారుకు వచ్చేవాళ్లు తాగడానికి వస్తారు, కబుర్లు చెప్పుకోవడానికి వస్తారు. పాట వినాలన్న నియమం ఎవరికీ ఉండదు. అలాంటి చోట ఒంటరిగా నిలబడ్డ చిన్న పిల్ల, చేతిలో ఒక చెక్క గిటార్. వెనక డ్రమ్ములు లేవు, బేస్ లేదు. ఆ లోటంతా కుడిచెయ్యే పూడ్చాలి. బొటనవేలు లావు తీగల్ని చరుస్తుంది, అది బేస్. మిగతా వేళ్లు సన్న తీగల్ని పైకి లాగి వదులుతాయి, అది రాగం. ఆ రెంటి నడుమ అరచెయ్యి ఠక్కున అన్ని తీగల్నీ మూసేస్తుంది, ఆ మూత దరువవుతుంది. ఆమె చేతిలో గిటార్ సగం డప్పు. ఈ వాయింపులో చెవికి పట్టేది మోత కన్నా దాని మధ్య వచ్చే విరామం. గలగలా సాగుతున్న వాద్యం అర క్షణం ఆగిందంటే, బారులో అటు తిరిగి కూర్చున్నవాడు కూడా ఇటు చూస్తాడు. శ్రోతను పట్టి ఆపే ఈ కిటుకు ఏ సంగీత కళాశాలా నేర్పేది కాదు. వినని జనం ముందు పాడి పాడి వచ్చిన విద్య అది.

ఎడమచేతి పని ఇంకో రకం. గిటార్‌కున్న ఆరు తీగల్నీ శ్రుతి చేయడానికి అందరూ వాడే పద్ధతి ఒకటుంది. ఆమె చాలా పాటల్లో దాన్ని పక్కన పెట్టి, పాటకు తగ్గట్టు తీగల్ని వదులు చేసో బిగించో వేరే శ్రుతులు కుదుర్చుకుంటుంది. లావు తీగను బాగా వదులు చేస్తే అది మోగడం మాని గుర్రుమంటుంది. నొక్కకుండా వదిలేసిన తీగలు కూడా పాట శ్రుతిలోనే పలుకుతాయి కాబట్టి రెండు వేళ్లతోనే నిండైన నాదం పుడుతుంది. దీనివల్ల మరో లాభం ఉంది. శ్రుతి మారితే వేళ్లకు అలవాటైన దారులు మూసుకుపోతాయి, కొత్త దారి వెతుక్కోక తప్పదు. వందలకొద్దీ పాటలు కట్టినా ఒక పాట గిటార్ ఇంకో పాటలా మోగకపోవడానికి ఇదొక కారణం.

ఇక మాట. న్యూయార్క్ నగరానికి మారాక ఆమె న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలో కవిత్వం చదువుకుంది. అక్కడ పాఠం చెప్పింది సెకూ సుండియాటా, కవిత్వాన్ని కాగితం మీద కన్నా గొంతులోనే ఎక్కువగా బతికించిన నల్లజాతి కవి. ఆ పాఠం ఆమె పాటల్లో స్పష్టంగా వినిపిస్తుంది. మన పాటల్లో చరణం సాధారణంగా తాళానికి లోబడి నడుస్తుంది. ఈమె దగ్గర వాక్యం తాళాన్ని దాటి వెళ్లిపోతుంది, తర్వాతి ఆవర్తం మధ్యలో ఎక్కడో ఊపిరి తీసుకుంటుంది. మాట్లాడేవాళ్లు తడబడినట్టు తడబడుతుంది, మధ్యలో నవ్వుతుంది, గుసగుస లోంచి ఒక్క పెట్టున అరుపులోకి వెళుతుంది. వినేవాళ్లకు అప్పటికప్పుడు తోచినట్టు అనిపించే ఆ తడబాటును వాద్యంతో పోల్చి వినండి. ప్రతి విరుపుకూ అక్కడ తీగ సిద్ధంగా ఉంటుంది. వాద్యం లేకుండా ఉత్త కవితగా చదివిన ముక్కలు కూడా ఆమె ఆల్బమ్‌లలో పాటల మధ్యే కూర్చుంటాయి.

రచనలో ఆమె నేర్పు చూడాలంటే మూడు పాటలు చాలు. మొదటి ఆల్బమ్‌లోని 'లాస్ట్ ఉమన్ సాంగ్' ఒక అమ్మాయి గర్భస్రావం కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజును చెబుతుంది. గుమ్మం దగ్గర నిరసనకారులు, లోపల ఎదురుచూపు. వాదన కన్నా ఎక్కువగా ఆమె ఆ రోజు నడకనే వర్ణిస్తుంది. పాట కవయిత్రి లుసిల్ క్లిఫ్టన్‌కు అంకితం. 1996 నాటి 'అన్‌టచబుల్ ఫేస్' పల్లవిలో పచ్చి బూతు ఉంది. దాన్ని మరొకరైతే గొంతు చించుకుని పాడేవారు. ఆమె దాన్ని జోలపాటంత మెత్తగా పాడుతుంది. తనకు దక్కని మనిషి మీద కోపం ఎంతుందో, ఇష్టం అంతకన్నా ఎంత ఎక్కువుందో ఆ ఒక్క వైరుధ్యంలోనే తెలిసిపోతుంది. 1998 నాటి 'ఫ్యూయల్' మన్‌హటన్‌లో భవనం కోసం తవ్వుతుంటే బానిసల సమాధులు బయటపడ్డ సంగతితో మొదలవుతుంది. 1991లో నిజంగా జరిగినదే అది. అక్కడి నుంచి ఎన్నికల మీదికి, సంగీత వ్యాపారం మీదికి, సొంత అలసట మీదికి కబుర్ల ధోరణిలో తిరిగి తిరిగి, మళ్లీ మట్టి కిందికే చేరుతుంది. దారి తప్పిందనుకున్న పాట మొదటి నుంచీ లోపలికే తవ్వుతూ ఉందని చివర్లో అర్థమవుతుంది.

కట్టిన పాటను ఆమె అక్కడితో వదిలేయదు. 1993లో 'లైక్ ఐ సెడ్' పేరుతో మొదటి రెండు ఆల్బమ్‌లలోని పాటల్ని మళ్లీ రికార్డు చేసింది. 1994 నాటి 'అవుట్ ఆఫ్ రేంజ్' ఆల్బమ్‌లో అదే పేరున్న పాట రెండుసార్లు ఉంటుంది, ఒకసారి ఉత్త చెక్క గిటార్‌తో, ఒకసారి ఎలక్ట్రిక్ వాద్యాలతో. ఏది మంచిదో తేల్చకుండా రెంటినీ శ్రోత ముందు పెట్టడం కంపెనీ పెద్దలు సులువుగా ఒప్పుకునే పని కాదు. 2004లో వచ్చిన 'ఎడ్యుకేటెడ్ గెస్' ఆల్బమ్‌కైతే రాయడం, పాడటం, వాయించడం, రికార్డు చేయడం, మిక్సింగ్ అన్నీ ఆమె ఒక్కతే చేసింది. అది కూడా ఎనిమిది ట్రాకుల పాత టేపు యంత్రం మీద.

ఇవన్నీ సాగాయంటే లెక్కల పుస్తకం కూడా ఆమె చేతిలోనే ఉండబట్టి. 1990లో మొదటి ఆల్బమ్‌ను 500 క్యాసెట్లుగా వేయించింది. పాడిన చోటల్లా అమ్మింది. వాటిని కొన్నవాళ్లు కాపీలు తీసి స్నేహితులకు పంచారు, కాలేజీల నుంచి పిలుపులు వచ్చాయి, పిలిచిన ఊరికల్లా వెళ్లి పాడింది. అలా మొదలైన సంస్థే 'రైటియస్ బేబ్ రికార్డ్స్'. పెద్ద కంపెనీలు వెంటపడ్డా వెళ్లలేదు. స్కాట్ ఫిషర్ నిర్వహణలో ఆఫీసు బఫెలోలోనే నడిచింది, అచ్చు పనుల్లాంటివి ఆ ఊరివాళ్లకే ఇచ్చింది. 1998లో 'లిటిల్ ప్లాస్టిక్ కాసిల్' అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ జాబితాలో 22వ స్థానంలో అడుగుపెట్టింది. దాని వెనక పెద్ద రేడియో స్టేషన్ల అండ లేదు, కంపెనీ ప్రచార బలగం లేదు. ఊరూరూ తిరిగి కూడగట్టుకున్న శ్రోతలు మాత్రమే ఉన్నారు.

ఈ విజయం ఆమెకు చిరాకు కూడా తెచ్చింది. 1997లో స్త్రీవాద పత్రిక 'మిజ్' ఆమెను మెచ్చుకుంటూ, ఒక్కో ఆల్బమ్ మీద ఆమెకు ఫలానా పెద్ద బ్యాండు కన్నా ఎక్కువ మిగులుతుందని రాసింది. ఆమె ఆ పత్రికకు బహిరంగ లేఖ రాసింది. తనను వ్యాపారవేత్తగా కన్నా పాటలు కట్టే మనిషిగా గుర్తుంచుకోవాలన్నది దాని సారాంశం. మిగిలిన డబ్బు ఎటు పోయిందో చూస్తే ఆ మాటలో నిజాయితీ తెలుస్తుంది. బఫెలోలో కూల్చేయబోతున్న 19వ శతాబ్దపు చర్చిని ఆమె సంస్థ బాగు చేయించింది. ఇప్పుడక్కడ కచేరీల హాలు, కళాకేంద్రం, సంస్థ ఆఫీసు ఉన్నాయి. ఆండ్రూ బర్డ్, టోషీ రీగన్ వంటి సంగీతకారుల ఆల్బమ్‌లు ఆ సంస్థ నుంచే వచ్చాయి. కవిత్వం నేర్పిన సుండియాటా ఆల్బమ్ కూడా 2000లో అక్కడి నుంచే వచ్చింది. కార్మికోద్యమ గాయకుడు, కథకుడు యూటా ఫిలిప్స్ వేదిక మీద చెప్పిన కథల టేపులు తీసుకుని, వాటి కింద తన వాద్యాలు పరిచి 1996లో ఆమె చేసిన ఆల్బమ్ ఒక తరం యువతకు ఆ ముసలాయన గొంతును చేరవేసింది.  ఆయన మాటల చుట్టూ దరువును తిప్పుకొచ్చింది.

ఈ పద్ధతికి ఖర్చూ ఉంది. తీగల్ని అంత బలంగా కొట్టీ కొట్టీ చెయ్యి టెండనైటిస్ (స్నాయువుల వాపు) బారిన పడింది, 2005లో కొంతకాలం కచేరీలు ఆపుకోవాల్సి వచ్చింది. దాదాపు ఏడాదికో ఆల్బమ్ తెచ్చిన కాలంలో, వద్దు అని చెప్పే మనిషి పక్కన లేకపోవడం కొన్ని పాటల్లో తెలుస్తుంది. మాటలు కిక్కిరిసి రాగానికి చోటు మిగలని పాటలవి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు 2013లో జరిగింది. ఆమె నడపబోయిన పాటల రచన శిబిరం కోసం లూసియానాలో ఒకప్పుడు బానిసలతో పని చేయించిన నాటోవే ఎస్టేటును ఎంచుకున్నారు. తీవ్రమైన విమర్శ వచ్చింది. శిబిరం రద్దయింది. ఆమె ఇచ్చిన మొదటి వివరణ కోపాన్ని ఇంకా పెంచింది, ఆ తర్వాత గానీ సూటిగా క్షమాపణ రాలేదు. 'ఫ్యూయల్' రాసిన మనిషికి ఆ నేల కింద ఏముందో తట్టకపోవడం ఆమె అభిమానుల్ని మరింత బాధపెట్టింది.

అయినా ఆమె నాటినవి ఫలిస్తూనే ఉన్నాయి. 2010లో అనాయిస్ మిచెల్ అనే యువ రచయిత్రి కట్టిన 'హేడ్స్‌టౌన్' గీతనాటకాన్ని రైటియస్ బేబ్ ఆల్బమ్‌గా తెచ్చింది, అందులో పెర్సెఫొనీ పాత్రకు గొంతు ఇచ్చింది ఆనీయే. ఆ నాటకం పెరిగి పెద్దదై న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలానికి చేరింది. 2024లో ఆమె అదే పాత్రతో ఆ వేదిక ఎక్కింది. అదే ఏడాది కొత్త ఆల్బమ్ కూడా తెచ్చింది. అన్నీ తనే చేసుకునే మనిషి ఈసారి నిర్మాణ బాధ్యతను బీజే బర్టన్ చేతికిచ్చి, తన గొంతునూ గిటార్‌నూ అతను యంత్రాలతో వంచుతుంటే ఒప్పుకుంది.

కొత్తగా వినేవాళ్లు 1997 నాటి ప్రత్యక్ష కచేరీల ఆల్బమ్ 'లివింగ్ ఇన్ క్లిప్'తో మొదలుపెట్టడం మేలు. అందులో 'బోత్ హ్యాండ్స్' పాట బఫెలో ఫిల్‌హార్మానిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వినిపిస్తుంది. తర్వాత 1990 ఆల్బమ్‌కు వెళ్లి అదే పాటను ఒంటి గిటార్‌తో వినండి. విడిపోబోతున్న ఇద్దరి కథ అది. ఆర్కెస్ట్రా దానికి నిండుతనం ఇచ్చిన మాట నిజమే. కానీ దరువు, బేస్, విరుపు, వాద్యం ఆగి మాట ఒక్కటే నిలబడే చోటు, అన్నీ ఇరవై ఏళ్లయినా నిండని అమ్మాయి వేళ్లలో అప్పటికే ఉన్నాయి. ఫోనులో పాట రికార్డు చేసి సాయంత్రానికల్లా లోకం మీదికి వదలగలిగే ఇవాళ్టి పిల్లలు ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది కంపెనీ పెట్టడం కన్నా ముందు ఇది: ఎవరూ తోడు లేకపోయినా నిలబడేలా పాటను కట్టడం.