మట్టిబొమ్మ: లోవెన్‌ఫెల్డ్ వాదంపై ఒక పరిశీలన

ఒకే పరిమాణంలో బంకమట్టి ఇచ్చి మనిషి బొమ్మ చేయమంటే, తరగతిలో పిల్లలందరూ ఒకే దారి పట్టరు. కొందరు ముద్దను విడదీయకుండా అందులోంచే తలను, చేతులను లాగుతారు. మరికొందరు తల, మొండెం, కాళ్లు విడివిడిగా చేసి అతికిస్తారు. ఆస్ట్రియాలో పుట్టి, అమెరికాలో కళావిద్య బోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువడిన తన 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' గ్రంథంలో మొదటిదాన్ని విశ్లేషణాత్మక పద్ధతి అనీ, రెండోదాన్ని సంశ్లేషణాత్మక పద్ధతి అనీ అన్నాడు. ఇవి రెండు వేర్వేరు ఆలోచనా రీతులు కాబట్టి, ఒకదాన్ని మాన్పించి మరొకదాన్ని రుద్దరాదని ఆయన వాదం.

ఇందులోని బలాన్ని మీరు గుర్తించాలి. చెయ్యి మరీ పెద్దదైందని ఉపాధ్యాయుడు చిదిమి సరిచేస్తే, అది ఇక పిల్లవాడి బొమ్మ కాదు. బంతి పట్టే చెయ్యి అతనికి నిజంగానే పెద్దది.

అయితే లోవెన్‌ఫెల్డ్ మనసుకు ఇచ్చినంత ప్రాధాన్యం మట్టికి ఇవ్వలేదనిపిస్తుంది. లావుపాటి కాళ్లన్నీ భావావేశం వల్ల వచ్చినవి కావు. తడిమట్టి మొండేన్ని సన్నని కాళ్లు మోయలేవు; రెండుసార్లు కూలాక పిల్లవాడే వాటిని లావు చేస్తాడు, లేదా మనిషిని కూర్చోబెడతాడు. సరిగా అతకని చెయ్యి ఆరాక ఊడిపోతుంది. అతుకు దగ్గర రెండువైపులా గీతలు గీసి, పలుచని మట్టి పూసి నొక్కమని చెప్పడం జోక్యం కాదు, చెప్పకపోవడమే అన్యాయం. (మార్కులు వేసేది ఎండిన బొమ్మకే కదా!) కూర్చున్న బొమ్మను చూసి అలసట అనో దిగులు అనో వ్యాఖ్యానించే ముందు, అది మొదట నిలబడిందేమో చేసిన పిల్లవాడినే అడగండి.