చెవులు చూసి మోసపోవద్దు

రాజస్థాన్‌లో బాలోత్రా దగ్గర తిల్వాడా అనే ఊరుంది. ఏటా మార్చి, ఏప్రిల్ రోజుల్లో అక్కడ ఎండిన లూనీ నది ఇసుకలో మల్లినాథ్ పశువుల సంత సాగుతుంది. ఆ సంతలో రేవాల్ అనే నడక పోటీ చూసినవాళ్ళకి రేసుకోర్సు పందెం చప్పగా ఉంటుంది. ఇక్కడ మార్వారీ గుర్రం ఎంత జోరుగానైనా పోవచ్చు గానీ, నడక తప్పి దౌడు అందుకుందంటే ఆట ముగిసినట్టే. రౌతు మాత్రం ఇంట్లో నులకమంచం మీద కూర్చున్నంత తాపీగా ఉంటాడు. తలపాగా చెదరదు. మీసం దువ్వుకునే తీరిక కూడా దొరుకుతుంది!

కిటుకంతా గిట్టల్లో ఉంది. మామూలు గుర్రం దుల్కీ నడకలో ముందు కుడికాలు, వెనక ఎడమకాలు జంటగా వేస్తుంది. జంటకీ జంటకీ మధ్య ఒక్క క్షణం ఒళ్ళంతా గాల్లోకి లేచి దబ్బున దిగుతుంది. రౌతు నడుం పట్టేసేది అక్కడే. రేవాల్‌లో నాలుగు గిట్టలూ ఒకదాని వెనక ఒకటి, విడివిడిగా పడతాయి. ఏదో ఒక కాలు ఎప్పుడూ నేలమీదే ఉంటుంది కాబట్టి ఎగిరిపడటం అనేదే ఉండదు. కళ్ళు మూసుకుని వింటే చాలు, రెండు దెబ్బల చప్పుడేదో నాలుగు దెబ్బల చప్పుడేదో తేలిపోతుంది. ఊరికీ ఊరికీ మధ్య ఆమడల కొద్దీ ఇసుక పరుచుకున్న సీమలో ఇంతకంటే గొప్ప వాహనం ఏముంటుంది? ఈ గుర్రం భుజం కాస్త నిలువుగా ఉంటుంది. అందువల్ల వేగం కొంత తగ్గినా, కూరుకుపోయిన కాలు ఇసుకలోంచి సులువుగా పైకొస్తుంది. గిట్టలు ఎంత గట్టివంటే చాలావాటికి లాడం అక్కర్లేదు.

మార్వారీ జాతి లక్షణాల లెక్క పాతకాలపుది. అయిదు యవల గింజలు ఒక వేలెడు. ముఖం 28 నుంచి 40 వేళ్ళు ఉండాలి. నడినెత్తి నుంచి తోక మొదలు దాకా దానికి నాలుగింతలు. ఆపైన సుడులు. మెడ మీద పొడవుగా దిగే ‘దేవమణ్’ సుడి ఉంటే అదృష్టం, కంటి కింద సుడి ఉంటే బేరం చెడినట్టే. ఎద్దుని కొనేముందు సుడులు వెతికే తెలుగు రైతుకి ఇదేమీ వింత కాదు. కవి మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద ఏకంగా ‘హయలక్షణ విలాసం’ రాసిన భాష మనది.

చరిత్ర అంటారా, మార్వార్ నేలిన రాథోడ్లు పెంచారు, అరబ్బు రక్తం కలిసిందంటారు. 1576లో హల్దీఘాటీలో రాణా ప్రతాప్‌ని మోసిన చేతక్ తమదేనని మార్వారీవాళ్ళు, కాదు తమదని కాఠియావాడీవాళ్ళు ఇప్పటికీ తగువులాడుకుంటారు. ఆ నడక చూశాక ఈ వ్యాసం మాత్రం మార్వార్ పక్షమే.

తెల్లదొరలు ఈ గుర్రాన్ని చిన్నచూపు చూసి వేలర్, థరోబ్రెడ్ వంటి విదేశీ జాతుల్ని నెత్తిన పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత జాగీర్లు పోవడంతో ఎన్నో మేలుజాతి గుర్రాలు బరువులు మోసే పనికి దిగజారాయి. స్వాతంత్ర్యానికి ముందు జోధ్‌పూర్ మహారాజు ఉమైద్ సింగ్, తర్వాత మనవడు గజ్ సింగ్ పూనుకోకపోతే ఈ మాత్రం కూడా మిగిలేది కాదు.

ఇప్పటి తెగులు వేరు. లోపలికి వంగి కొసలు తాకే ఈ గుర్రం చెవులు అందంగా ఉంటాయి, నిజమే. కానీ వాటి మోజులో చెవి కలిస్తే చాలు మార్వారీ అనేస్తున్నారు. ఎత్తు కోసం థరోబ్రెడ్‌తో కలిపిన సంకరాలు కూడా అదే పేరుతో అమ్ముడుపోతున్నాయి. ఎత్తు వస్తుంది, నడక పోతుంది. ఫొటోలో నడక కనబడదు కదా! ఇక పెళ్ళి ఊరేగింపుల్లో గుర్రాన్ని ఆడించడానికి నోట్లో ముళ్ళ కళ్ళెం వేసేవాళ్ళని ఏమనాలి? 1965 నాటి జంతుహింస నివారణ నియమాలే దాన్ని నిషేధించాయి. నోరు చీరుకుపోయే బాధతో తల ఎగరేసి కాళ్ళు ఆడిస్తుంటే చుట్టూ జనం చప్పట్లు కొడతారు. అది నాట్యం కాదు, హింస.

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి మిగిలినవి సుమారు 3.4 లక్షలు. అంతకుముందు ఏడేళ్ళలో దాదాపు 45 శాతం తగ్గిపోయాయి. బికనేర్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు 2023లో పిండ మార్పిడితో మార్వారీ పిల్లను పుట్టించారు. వాళ్ళకి వెయ్యి దండాలు. అయితే ఏ గుర్రం పిల్లలు పెరగాలో తేల్చేది చివరికి సంతలో డబ్బు తీసేవాడే. కాబట్టి తిల్వాడా సంతకో పుష్కర్ సంతకో వెళ్ళి బేరమాడేవాళ్ళు చెవుల దగ్గరే ఆగిపోకండి. గుర్రాన్ని పావుగంట సేపు జోరుగా నడిపించమనండి. కళ్ళు మూసుకుని నాలుగు దెబ్బలూ లెక్కపెట్టుకోండి. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.