చెలిమెలో గోండ్వానా

మానేరులో నీళ్లు తగ్గి ఇసుక బయటపడే రోజుల్లో చెలిమె తవ్వడం కరీంనగర్ పల్లెల్లో ఎవరికీ నేర్పనక్కర్లేదు. పారే నీటికి నాలుగడుగుల ఇవతల మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడితే, మోచేయి లోతుకు వచ్చేసరికి అడుగున తడి మెరుస్తుంది. మొదట ఊరే నీళ్లు మట్టిగా ఉంటాయి. వాటిని చిప్పతో ఎత్తి పారబోస్తే కాసేపటికి తేట నీళ్లు ఊరతాయి. తాగేవాళ్లకు కావాల్సింది ఆ తేట నీళ్లు. కానీ ఇసుకలోని జీవుల్ని వెతికేవాళ్లకు మనం పారబోసే ఆ మొదటి నీళ్లే బంగారం.

యూరప్‌లో ఈ పద్ధతిని కరమన్, షాప్యుయి అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరు మీద పిలుస్తారు. ఏటి ఒడ్డు ఇసుకలో గుంట తీయడం, ఊరిన నీటిని సన్నటి వలగుడ్డలో వడపోయడం, గుడ్డ మీద మిగిలినదాన్ని సీసాలోకి కడగడం, అంతే పని. చెలిమెకు వలగుడ్డ జోడించారన్నమాట. నేను ఒకసారి మానేరు ఇసుకలో ఇదే పని చేస్తుంటే పక్కన బట్టలు ఉతుకుతున్న పెద్దమ్మ వచ్చి నిలబడింది. "గీ బురద నీళ్లల్ల ఏం దొర్కుతది బిడ్డా?" అని అడిగింది. తెల్లటి గిన్నెలో నీళ్లు పోసి భూతద్దం చేతికిచ్చాను. కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఆమె "ఉరుకుతున్నయ్!" అని ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ ఉరికేవి రొయ్యకూ పీతకూ చుట్టాలు. పాఠ్యపుస్తకాల్లో క్రస్టేషియన్లు అంటారు. ఒంటికి గట్టి తొడుగు, కీళ్ల కాళ్లు, రెండు జతల మీసాలు. చాలావాటి పొడవు ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. ఇసుక సందుల్లో బతికేవైతే అరమిల్లీమీటరు కూడా ఉండవు.

చెరువు నీటిలో రెండు రకాలను చూపుతోనే వేరు చేయొచ్చు. గంతులేస్తూ పోయేది సైక్లాప్స్. నుదుటి మీద ఒకటే కన్ను, ఆడదానికి తోకకు అటొకటి ఇటొకటి రెండు గుడ్ల సంచులు. పొడవాటి మీసాలు రెండు పక్కలా చాపి, తెరచాప పడవలా మెల్లగా తేలిపోయేది డయాప్టమస్. దాని గుడ్ల సంచి ఒక్కటే. ఈ తేడా తెలియడం చదువు కోసమే అనుకోకూడదు. నారికురుపు మన పాత తరానికి బాగా గుర్తు. దిగుడు బావిలోకి దిగి కడవ ముంచుకున్న మనిషి కాలి పుండు నుంచి పురుగు పిల్లలు నీళ్లలోకి వచ్చేవి. వాటిని సైక్లాప్స్ మింగేది, ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాదికి మళ్లీ కాల్లో పురుగు లేచేది. డయాప్టమస్‌కు ఈ పాపంలో పాలు లేదు. శత్రువు ఎవరో పోల్చుకోగలిగారు కాబట్టే నీళ్లు గుడ్డతో వడగట్టమన్నారు, మెట్ల బావులు మాన్పించారు, బావుల్లో మందు వేశారు. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో భారతదేశానికి నారికురుపు లేని దేశంగా గుర్తింపు దక్కింది.

అసలు పనితనం ఏటి ఒడ్డున కాదు, బల్ల దగ్గర ఉంది. డయాప్టమస్‌లో ఏ జాతి ఏదో తేల్చేది ముఖ్యంగా మగదాని అయిదో జత కాళ్లు. కుడి కాలికి పొడవాటి కొక్కెం ఉంటుంది, ఎడమ కాలు పొట్టిది. కుడి మీసానికి మధ్యలో మడత బందు లాంటి కీలు ఉంటుంది. ఆడదాన్ని పట్టుకోవడానికి ఈ ఏర్పాటు. ఆ కొక్కెం వంపు, దాని మీది ముల్లు ఎక్కడ మొలిచింది, ఎడమ కాలి చివర నూగు ఎలా ఉంది అనేవాటిలో జాతికీ జాతికీ తేడా దాగి ఉంటుంది. అది చూడాలంటే మిల్లీమీటరున్నర ప్రాణి ఒంటి నుంచి ఆ కాళ్లను విడదీయాలి.

స్లైడు మీద ఒక చుక్క గ్లిజరిన్ వేస్తారు. అది చిక్కగా ఉంటుంది కాబట్టి జీవి అటూ ఇటూ జారదు. రెండు చేతుల్లో రెండు సూదులు, వాటి మొనలు వెంట్రుక కంటే సన్నం. ఎడమ సూదితో ఒంటిని అదిమి, కుడి సూదితో కీలు దగ్గర మెల్లగా ఒత్తాలి. ఊపిరి బిగబట్టక తప్పదు. కాలు ఊడి చుక్కలో ఎటో తేలిపోతే దాన్ని వెతకడానికే పూట గడుస్తుంది. దొరికాక సూక్ష్మదర్శినికి అమర్చిన అద్దంలో కాలి నీడ, కాగితం మీది పెన్సిలు మొన ఒకేసారి కనబడేలా చేసుకుని గీస్తారు. ప్రతి ముల్లూ లెక్కే. ఫొటో తీస్తే సరిపోదా అని అడుగుతారు. ఫొటోలో ఒక లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది. గీసే చెయ్యి పై పొరనూ కింది పొరనూ చూసి, ఏది ముఖ్యమో ఎంచి గీస్తుంది. ఈ గీతలో ఉన్న విద్యను కంసాలి పనితనంతో సమానంగా గౌరవించాలని నా అభిప్రాయం.

తెలుగునేల మీద ఈ విద్యను ప్రపంచ స్థాయికి తీసుకెళ్లినవారు నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన వై. రంగారెడ్డి. డయాప్టమస్ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఆయన రాసిన గ్రంథం 1994లో, ప్రపంచ మంచినీటి సూక్ష్మ అకశేరుకాల మార్గదర్శక గ్రంథమాలలో వచ్చింది. తర్వాత ఆయన చూపు చెరువుల నుంచి ఇసుకలోకి, బోరుబావుల్లోకి దిగింది. విజయవాడ దగ్గర కృష్ణా నది ఇసుకలో దొరికిన మూడు కొత్త జాతులను 2001లో ప్రకటించారు. పారాస్టెనోకారిస్ అనే ప్రజాతిలో వాటికి గాయత్రి, సవిత, కర్విస్పైనస్ అని పేర్లు. ఆ కుటుంబం మన దేశంలో ఉన్నట్టు అప్పుడే తెలిసింది. లక్షల మంది స్నానం చేసే రేవుల నదిలో, కాళ్ల కింది ఇసుకలో, అన్నాళ్లూ పేరు లేకుండా ఉన్నాయవి.

ఇంకా వింతైనవి బాతినెల్లా వర్గపు జీవులు. మొదటిది 19వ శతాబ్దంలో ప్రాగ్ నగరంలో ఒక బావిలో దొరికింది. కళ్లు లేవు, రంగు లేదు, పైపెంకు లేదు, దారప్పోగులా ఉంటాయి. భూమి లోపలి నీళ్లు దాటి బయటికి రావు. ఈదే పిల్లదశ లేదు, సముద్రం దాటలేవు. వాటిలో హాబ్రోబాతినెల్లా అనే ప్రజాతి మొదట మడగాస్కర్‌లో దొరికింది. ఆ తర్వాత రంగారెడ్డి, ఆయన శిష్యులు మన నీళ్లలో దాని జాతులను ఒక్కొక్కటే బయటపెట్టారు. సముద్రం దాటలేని జీవి రెండు ఒడ్డులా ఎలా ఉంది? ఉన్నచోటే ఉంది. నేలే విడిపోయింది. భారతదేశం మడగాస్కర్ నుంచి విడివడి సుమారు 8.8 కోట్ల ఏళ్లయింది. 2011లో ఆంధ్రప్రదేశ్ భూగర్భ జలాల నుంచి వర్ణించిన ఆంధ్రకాయిడెస్ షాబుద్దీన్ అనే మరో గుడ్డి జీవి దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి.

ఈ నేలలన్నీ ఒకటిగా ఉన్న ఆ పాత మహాఖండం పేరు గోండ్వానా. ఆ మాటకు మూలం గోండుల దేశం. అంటే ఉట్నూరు, ఆసిఫాబాద్ గూడేల వాళ్ల పేరే ప్రపంచ భూగోళ పటానికి ఎక్కింది. ప్రాణహిత అవతలి ఒడ్డున కోట అనే ఊరి దగ్గరి సున్నపురాతిలో జురాసిక్ కాలపు చెరువుల జాడలున్నాయి. ఆ రాతిపొరల్లోని చిన్న చిప్ప జీవికి శాస్త్రవేత్త రూపర్ట్ జోన్స్ 1862లో ఎస్తేరియా కోటహెన్సిస్ అని ఊరి పేరే పెట్టాడు. ఆదిలాబాద్ నేలలో ఇవే పొరల్లో దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో టికెట్ కొని చూస్తాం. ఆ మహాఖండపు వారసులు మాత్రం చెలిమెల్లో ఇంకా ఈదుతున్నాయి. నేనైతే ఆదిలాబాద్ పిల్లలను ముందు చెలిమె దగ్గరికే తీసుకెళ్తాను. లారీలు ఇసుకనంతా తోడుకుపోయాక తీసుకెళ్లడానికి ఏమీ మిగలదు.

చెరువు జీవులది ఇంకో దారి. నీళ్లు ఎండేవేళకు గట్టి పెంకు గుడ్లు బురదలో దాచి చచ్చిపోతాయి. నార్వే శాస్త్రవేత్త జి.ఓ. సార్స్ ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకున్న ఎండు బురదను నీళ్లలో వేసి, పుట్టినవాటిని పెంచి, చూసి, 1885లో వర్ణించాడు. తాను అక్కడికి వెళ్లకుండానే ఆ దేశపు చెరువును తన గదిలో నిలబెట్టాడు. అమెరికాలో ఒక చెరువు అడుగు నుంచి తీసిన డయాప్టమస్ గుడ్లు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా పిల్లలయ్యాయి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో మన చెరువుల పూడికమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటున్నప్పుడు ఆ మట్టిలో ఎన్నేళ్ల గుడ్లు పోయాయో అనిపించింది. పంటకు ఆ మట్టి మంచిదే, కాదనను. తోలేముందు చెరువుకు ఒక గంపెడు దాచి ఉంటే బాగుండేది.

ఊరి చెరువు శిఖంలో వేసవిలో పగుళ్లిచ్చిన మట్టిపెళ్ల ఒకటి తెచ్చి గాజు గిన్నెలో పెట్టాను. వాననీళ్లు పోసి కిటికీ దగ్గర ఉంచాను. మొదటి రెండు రోజులు మట్టి వాసన తప్ప ఏమీ లేదు. నాలుగో నాడు పొద్దున ఎండ గిన్నెలో పడ్డప్పుడు, నీటి మధ్యలో ఆవగింజలో పదో వంతు ఉన్న ఒక చుక్క కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.