హీటుకో చెంచా, గ్లాసుకో గుక్క

రాయపూర్ పక్కన ఉర్లాలో నీ ఉద్యోగం ఏమిటని మా పార్వతీపురం వాళ్లు అడిగితే "చెంచా పట్టుకుంటాను" అని చెబుతుంటాను. నవ్వుతారు గానీ అది నిజమే. ఇండక్షన్ ఫర్నేసులో తుక్కూ స్పాంజ్ ఐరనూ కరిగి 1600 డిగ్రీల దరిదాపుల్లో తెల్లగా మరుగుతుంటే, పొడుగు కాడ చెంచాతో కాస్త ఉక్కు తీసి అచ్చులో పోస్తాం. గట్టిపడిన బిళ్లని అరగదీసి స్పెక్ట్రోమీటరు కింద పెడితే కార్బన్ ఎంత, గంధకం ఎంత, భాస్వరం ఎంత అన్నది నిమిషంలో చెప్పేస్తుంది. ఎఫ్‌ఈ 500డి కడ్డీకి కార్బన్ 0.25 శాతం దాటకూడదు. గంధకం, భాస్వరం ఒక్కొక్కటీ 0.040 దాటకూడదు. టన్నుల కొద్దీ హీటు (ఒక విడత కరిగించిన లోహాన్ని మేం హీటంటాం) ఆ బిళ్ల చెప్పిన మాట మీదే కడ్డీ అవుతుంది, లేదా వెనక్కి పోతుంది. రిజిస్టర్లో చివరి గడిలో రెండే మాటలు: పాస్, రిజెక్ట్.

ఇరవై ఏళ్లు ఇలా శాంపిళ్లు తీసి బతికినవాణ్ని. నోటితో శాంపిల్ తీయడం మాత్రం యాభై దాటాక నేర్చుకున్నాను.

నేర్పింది మా అక్క కొడుకు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. పెళ్లి పనుల మీద వెళ్తే, సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక బ్రూపబ్‌కి తీసుకెళ్లాడు. గాజు గోడ వెనక రాగి రంగు పీపాలు, స్టీలు ట్యాంకులు. మన లైను పని కాబట్టి నా కళ్లు ముందు ట్యాంకుల వెల్డింగు మీదికే పోయాయి. బాగుంది, ఎక్కడా పూస పొంగలేదు. ఈలోగా బల్ల మీదికి ఒక చెక్క పలక వచ్చింది. దాని గుంటల్లో అయిదు చిట్టి గ్లాసులు, లేత పసుపు నుంచి కాఫీ నలుపు దాకా.

"ఇదేట్రా, తాగడానికా, టెస్టింగుకా?"

"టెస్టింగుకే మావయ్యా. నచ్చింది చెప్పు, పెద్ద గ్లాసు తెప్పిస్తాను."

అప్పటిదాకా నాకు తెలిసిన బీరు ఒక్కటే, చల్లనిది. రాయపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలకి ఎక్కినప్పుడు దుకాణం ముందు నిలబడ్డవాడు బ్రాండు అడగడు, "ఠండీ హై క్యా?" అని అడుగుతాడు. నేనూ అంతే. ఆ రోజు అక్కడ బీరు కాచే కుర్రాడు వచ్చి మొదట చెప్పిన మాట, మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, వాసన పైకి లేవదు అని. కాసేపు గ్లాసు అరచేతిలో పట్టుకోమన్నాడు. లేతది ముందు, నల్లది చివర. నోట్లో పోసుకునే ముందు ముక్కు. ఒక్కో గ్లాసుకి మధ్య మంచినీళ్లు, ఉత్త రొట్టెముక్క.

రొట్టెముక్క దగ్గరే నేను తప్పాను. బీరంటే పక్కన కారం ఉండాల్సిందేనని చికెన్ 65 చెప్పాను. రెండు ముక్కలు తిన్నాక పిల్స్‌నర్ తాగితే గొంతులో పల్లేరుకాయ గుచ్చుకున్నట్టయింది. కారం మీద గ్యాసూ చేదూ కలిస్తే మంట రెట్టింపవుతుందని అప్పుడు తెలిసింది. స్పెక్ట్రోమీటరు కింద బిళ్లని సరిగా అరగదీయకుండా పెట్టినట్టే లెక్క. మురికి మీద తీసిన రీడింగు చెల్లదు. ప్లేటు పక్కకి నెట్టి మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాను.

మొదటిది గోధుమ బీరు, జర్మన్లు హెఫెవైజెన్ అంటారట. ముక్కు పెట్టగానే అరటిపండు, వెనకాల లవంగం. "అరటిపండు కలిపారా బాబూ?" అంటే కుర్రాడు నవ్వాడు. పండూ లేదు, లవంగమూ లేదు, అంతా ఈస్ట్ చేసే పని. 18, 22 డిగ్రీల మధ్య పులిసేటప్పుడు అదే ఆ వాసనల్ని పుట్టిస్తుంది. కాస్త వేడెక్కితే అరటి ఎక్కువవుతుంది. రెండో గ్లాసులో మాత్రం నిజంగానే కలిపారు, నారింజ తొక్క, ధనియాలు. బెల్జియం వాళ్ల పద్ధతట. చారులో వేసే ధనియాలు జూబ్లీహిల్స్‌లో బీరులో తేలి కనబడితే, మా అమ్మ చూస్తే ఏమనేదో.

చివరిది స్టౌట్ అనే నల్ల బీరు, మాడిన బార్లీ రుచి. దానికి పెద్ద గ్లాసు తెప్పించాను. మేనల్లుడు ఆశ్చర్యపోయాడు గానీ, ఫర్నేసు దగ్గర ఇరవై ఏళ్లు గడిపినవాడికి మాడు వాసన కొత్తా?

ఆ కుర్రాడి దగ్గర నేను ఎక్కువసేపు అడిగింది మంచి రుచుల గురించి కాదు, చెడ్డ వాటి గురించి. మా పనిలో తప్పు పట్టుకోవడమే కదా నైపుణ్యం. వెన్న వాసన వస్తే ఈస్ట్ తన పని పూర్తి చేయకముందే తొందరపడి ఆపేశారన్నమాట. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలింది. సిర్కా పులుపు వస్తే గొట్టాలు సరిగా కడగలేదు. ఎండలో పెట్టిన సీసాలో హాప్స్ అనే పూల చేదు విరిగి గంధకం చేరిన కంపు పుడుతుంది, అందుకే బీరు సీసాలు ముదురు రంగులో ఉంటాయి. గంధకం పేరు వినగానే నవ్వొచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి ఉర్లాలో పగలూ రాత్రీ పాటుపడుతుంటే, సెలవు రోజున గ్లాసులో కూడా ఎదురైంది.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. గోడ మీద "లోకల్" అని పెద్ద అక్షరాలు. మాల్టు ఎక్కడిదంటే జర్మనీ. ఈస్ట్ బయటిది. హాప్స్ చలికొండల పంట. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొంత పండుతుంది గానీ ఇక్కడ వాడేది అదీ కాదు. నీళ్లూ, కాచే చేతులూ మాత్రం ఇక్కడివి. పుణెలో 2009లో దూలల్లీ అనే మైక్రోబ్రూవరీ మొదలైనప్పటి నుంచి, తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు తెచ్చినప్పటి నుంచి ఈ లోకల్ అనే మాట తెగ వినబడుతోంది. కుర్రాడు దానికి చెప్పిన జవాబు మాత్రం నాకు నచ్చింది. "సార్, మేం వడగట్టం, పాశ్చరైజ్ చేయం. సీసా బీరుని 60 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు కాబట్టి నెలల తరబడి ఉంటుంది, ఎక్కడికైనా పోతుంది. మాది పోదు. మీరే రావాలి."

మీరే రావాలి. ఈ మాట నాతో పాటు రైలెక్కి రాయపూర్ దాకా వచ్చింది.

ఫిబ్రవరిలో బస్తర్ వెళ్లాల్సి వచ్చింది. మా మిల్లులో వెల్డరు ఒకడిది జగదల్‌పూర్ పక్కన పల్లె, వాళ్లింట్లో శుభకార్యం. ఉర్లా నుంచి దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. ఆ ఇంట్లో వాళ్లమ్మ లాందా చేసింది. లాందా అంటే బియ్యపు బీరు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్నల పిండి కలిపి, నీళ్లు పోసి కుండలో కొన్నాళ్లు పులియబెడతారు. మొలకెత్తిన మొక్కజొన్న ఎందుకమ్మా అని అడిగాను. అది వేయకపోతే తియ్యబడదు, తియ్యబడకపోతే పులవదు అంది.

నేను కుండ దగ్గర అలాగే కూర్చుండిపోయాను. జూబ్లీహిల్స్ కుర్రాడు గాజు గోడ అవతల చెప్పింది ఇదే. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తే గింజలో ఎంజైములు పుడతాయి, 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే అవి పిండిని చక్కెరగా విరగ్గొడతాయి, ఆ చక్కెరని ఈస్ట్ తింటుంది. ఆమె చేతిలో థర్మామీటరు లేదు, జర్మనీ మాల్టు లేదు. సూత్రం మాత్రం అదే, బియ్యం ఆమె పొలానిది, మొక్కజొన్న పెరటిది. ఆకు దొన్నెలో పోసిచ్చింది. చిక్కగా, తెల్లగా, కాస్త ఇసక ఇసకగా ఉంది. మొదటి గుక్కకి మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. పులుపు ఆ పులుపే. ఇక్కడి పల్లెల్లో బోరే బాసీ అనే చద్దన్నం కూడా దానికి చుట్టమే. మనం అన్నాన్ని పులియబెట్టడంలో ఎక్కడ ఆపామో, వీళ్లు అక్కణ్ణుంచి ఇంకో నాలుగు రోజులు ముందుకెళ్లారు.

మర్నాడు పొద్దున్నే సల్ఫీ చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఆకులు చూడగానే గుర్తుపట్టాను, చేప తోక ఆకారం. మా మన్యంలో జీలుగు చెట్టు ఇదే. అరకు వైపు జీలుగు కల్లు తాగినవాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ చెట్టుకి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఏళ్ల తరబడి పూయకుండా పెరిగి, పూయడం మొదలెడితే తల నుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటూ వస్తుంది, ఆఖరి గెల అయ్యాక చచ్చిపోతుంది. అది పూసే ఆ కొన్నేళ్లే ఇంటికి ఆదాయం. బస్తర్‌లో ఆడపిల్లకి పెళ్లిలో సల్ఫీ చెట్టు రాసిచ్చే ఆచారం ఉంది. ఇప్పుడు ఫ్యుజేరియం అనే బూజు తెగులు సోకి చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. వెల్డరు వాళ్ల పెరట్లోనే రెండు మోడులు చూపించాడు.

సొరకాయ బుర్రలోంచి దొన్నెలోకి వంచారు. పొద్దున్న ఎనిమిది. కొబ్బరినీళ్లకి చెల్లెల్లా ఉంది, తీపి, నాలుక చివర చిన్న చురుకు. పట్నం వాళ్లు దీన్ని బస్తర్ బీరు అంటారు గానీ గింజ లేనిది బీరెలా అవుతుంది? కల్లే. తాటికల్లులాగే చెట్టు దిగకముందే పులవడం మొదలెడుతుంది, గంట గంటకీ మారుతుంది. పదకొండు గంటలకి మళ్లీ అడిగి తాగాను. తీపి సగానికి సగం పోయింది, పులుపు తలెత్తింది. ఇలాంటిదాన్ని చీటీ అంటించి అమ్మలేం, అందుకే దుకాణంలో దొరకదు. కల్లుని నిలవ చేద్దామనీ మత్తు పెంచుదామనీ మనవాళ్లు చేసిన పాపాలు వేరే. కల్లులో క్లోరల్ హైడ్రేటూ అల్ప్రాజోలమూ కలపడం మొదలెట్టాక అది కల్లు కాదు, మందుల షాపు. 2025 జులైలో కూకట్‌పల్లిలో అది ప్రాణాలు తీసింది.

వెల్డరు వాళ్ల పల్లెకి కొంత దూరంలోనే కిరండూల్ రైలు లైను. బైలాడిలా కొండల ఇనపరాయి దాని మీదే అరకు సొరంగాలు దాటి విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి జపాను దాకా పోయింది. మా ఉర్లా కడ్డీలు ఏ ఊరి స్లాబులో చూసినా ఉంటాయి. ఇనుముకి దూరం లెక్కలేదు. ఆ చెట్టు కింద దొన్నె మాత్రం పక్క తాలూకా కూడా చేరదు.

ఇంత రాశాక ఉర్లా గురించి ఒక మాట చెప్పకపోతే తప్పు. సాయంత్రం షిఫ్టు దిగాక ఇక్కడి సర్కారీ దుకాణం ముందు వరస చూడండి. 2017 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడుపుతోంది. ఆ వరసలో ఎనిమిది గంటలు ఫర్నేసు వేడిలో నిలబడ్డవాళ్లుంటారు, తుక్కు మోసినవాళ్లుంటారు, మా శ్రీకాకుళం వాళ్లూ ఉంటారు. వాళ్లు దేశీ సీసా కొని, మూత తీసి, అక్కడే గోడవార నిలబడి ఒక్క ఎత్తున తాగేస్తారు. రుచి కోసం కాదు, ఒళ్లునొప్పి తెలియకుండా నిద్ర పట్టడానికి. జీతంలో మూడో వంతు అలా పోగొట్టుకున్నవాళ్ల భార్యలు మా గేటు దగ్గరికొచ్చి ఏడ్చినవి చూశాను. చిట్టి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అరటిపండా లవంగమా అని తేల్చుకోవాలంటే ముందు ఒంట్లో కాస్త ఓపిక మిగలాలి. నాకు ప్రమోషన్ వచ్చి ఏసీ ల్యాబులో కూర్చున్నాకే ఈ సరదా పట్టిందని ఒప్పుకుంటున్నాను.

సరే, తిరుగు ప్రయాణం. ఎంత వద్దన్నా వినకుండా లీటరు నీళ్ల సీసాలో సల్ఫీ నింపించుకున్నాను, ఇంటిదానికి రుచి చూపిద్దామని. వెల్డరు తల పట్టుకున్నాడు. "మూత బిగించకండి సాబ్" అన్నాడు. బస్సులో ఒలుకుతుందని గట్టిగా బిగించాను. కాంకేర్ దాటాక సంచిలోంచి టపాకాయ పేలినట్టు శబ్దం. ముందు సీట్లో పెద్దాయన పంచె, నా చొక్కా, కిటికీ అద్దం అన్నీ తడిసిపోయాయి. బస్సంతా పులిసిన వాసన. ధమ్తరీ దాకా ఎవరూ నాతో మాట్లాడలేదు.

సీసా అడుగున నాలుగు గుక్కలు మిగిలాయి. ఇంటికొచ్చి, గ్లాసులో పోసి, అలవాటు ప్రకారం పాత ల్యాబు రిజిస్టర్ చివరి పేజీలో రాసుకున్నాను.

సల్ఫీ, చెట్టు కింద, ఉదయం 8 గంటలు: పాస్.
అదే సల్ఫీ, ఉర్లా, రాత్రి 9 గంటలు: రిజెక్ట్.