ఇంటి సాకెట్టు, హైవే దారి: రెండు హైబ్రిడ్‌ల తూకం

కోదాడలో కారు కొనే ఇంటికి రెండు లెక్కలుంటాయి. ఊళ్లో తిరుగుడు, హుజూర్‌నగర్ పోయి రావడం ఒక లెక్క. 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఇంకో లెక్క: ఇటు హైదరాబాద్ దాదాపు 175 కిలోమీటర్లు, అటు విజయవాడ వందకు కాస్త తక్కువ. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను, స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను ఈ రెండు లెక్కల్లోనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండింటిలోనూ పెట్రోలు ఇంజినూ, మోటారూ ఉంటాయి. అసలు తేడా బ్యాటరీలో. టయోటా హైరైడర్ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అది ఒక యూనిట్ కరెంటు కూడా పట్టనంత చిన్నది. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ నడిచేటప్పుడు దానంతటదే నిండుతుంది. ప్లగ్-ఇన్ బ్యాటరీకి సాధారణంగా పది నుంచి ఇరవై యూనిట్లు పడతాయి, రాత్రిపూట ఇంట్లో చార్జింగ్ పెట్టాలి. 15 ఆంపియర్ల సాకెట్టుతో గంటకు మూడు యూనిట్ల చొప్పున చూస్తే 18 యూనిట్లకు ఆరేడు గంటలు. తెల్లారాక యాభై, అరవై కిలోమీటర్లు పెట్రోలు చుక్క ముట్టకుండా తిరగొచ్చు. సొంతిల్లు, వాకిట్లో కారు నిలిపే జాగా ఉన్నవాళ్లకు ఇది నిజంగా అక్కరకొచ్చే బండి.

హైవే మీద తూకం మారుతుంది. హైదరాబాద్ వైపు పోతే, సూర్యాపేట దాటిన కాసేపటికే ప్లగ్-ఇన్‌లో చార్జ్ అయిపోతుంది. మిగతా దారంతా ఆ బ్యాటరీ బరువును ఇంజినే మోయాలి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు అంత మోత లేదు. అయితే ఒకే వేగంతో సాగే దారిలో దాని ఆదా కూడా ఊళ్లో ఉన్నంత ఉండదు. చార్జింగ్ లేకుండా తిరిగితే ప్లగ్-ఇన్ లాభం పోతుంది. ఐరోపాలో 2021లో రిజిస్టరైన ప్లగ్-ఇన్‌లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాల అంకెలకు సగటున 3.5 రెట్లుందని 2024లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. అనుకున్నంత తరచుగా చార్జింగ్ పెట్టకపోవడమే అందుకు ముఖ్య కారణం.

భద్రతలోనూ ప్లగ్-ఇన్‌కు పరీక్ష ఎక్కువ. పెట్రోలు ట్యాంకు, పెద్ద బ్యాటరీ రెండూ ఒకే బండిలో ఉంటాయి. 2011లో అమెరికాలో ఢీకొట్టి పరీక్షించిన ప్లగ్-ఇన్ చెవ్రొలే వోల్ట్ మూడు వారాల తర్వాత అంటుకుంది. 2020లో ప్లగ్-ఇన్ ఫోర్డ్ కూగా యజమానులను, మంటల భయంతో, మరమ్మతు అయ్యేదాకా చార్జింగ్ పెట్టొద్దని కంపెనీయే కోరింది. 2024 సెప్టెంబరు 1 నాటి వరదలో కార్లు కొట్టుకుపోవడం చూసిన కోదాడకు ఇంకో జాగ్రత్త కూడా తెలియాలి. నీట మునిగిన బండి ఏ రకమైనా స్టార్ట్ చేయకూడదు. ప్లగ్-ఇన్ అయితే మెకానిక్ బ్యాటరీని చూసి సరేననేదాకా చార్జింగ్ కూడా పెట్టకూడదు.

ధర దగ్గర పోలికే లేదు. 2022 డిసెంబరులో మన దేశానికి వచ్చిన ప్లగ్-ఇన్ బీఎండబ్ల్యూ ఎక్స్ఎం అప్పటి షోరూమ్ ధర 2.60 కోట్ల రూపాయలు. హైరైడర్ హైబ్రిడ్ షోరూమ్ ధర ఇరవై లక్షల చుట్టూనే.

కనుక హైవే ఎక్కువగా తిరిగే కోదాడ కుటుంబానికి ఈరోజు నా ఓటు స్ట్రాంగ్ హైబ్రిడ్‌కే. రేపు అందుబాటు ధరలో ప్లగ్-ఇన్ వస్తే, ఊళ్లో తిరుగుడే ఎక్కువైన ఇంటికి అదే మేలు. అప్పుడు మాత్రం అడ్వాన్సు కట్టేముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగ్, వైరింగ్ చూపించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాత్రంతా కారు చార్జింగ్ పెట్టి, ఇంటిల్లిపాదీ నిద్రపోకూడదు.