డ్రమ్ములో దాగిన దయ

బుల్లెట్ బండి అనగానే అందరూ దాని గుండెచప్పుడునే పొగుడుతారు. ట్యాంకు మీది బంగారు గీతల్ని, వీధి వీధంతా తల తిప్పి చూసే ఆ ఠీవిని పొగుడుతారు. నిన్ను పొగిడినవాళ్ళు లేరు. చక్రం నడుమ, డ్రమ్ము చీకట్లో, నల్లటి దుమ్ములో ఒదిగి ఉండే బ్రేకువి నువ్వు. ఈ మాటలు నీకు.

పాత బండికి ప్రాణం పోయాలని వరండాలో పేపర్లు పరిచి వెనక చక్రం విప్పినప్పుడు తొలిసారి నిన్ను కళ్ళారా చూశాను. నెలవంకల్లాంటి రెండు షూలు, వాటిని దగ్గరగా లాగి పట్టుకున్న స్ప్రింగులు, ఒక కామ్. అంతే నీ సంసారం. పెడల్ నొక్కితే రాడ్డు కదులుతుంది, రాడ్డు కదిలితే కామ్ తిరుగుతుంది, కామ్ తిరిగితే షూలు విచ్చుకుని డ్రమ్ము లోగోడని ఒరుసుకుంటాయి. 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో రూపం దిద్దిన ఈ ఏర్పాటు ఇంకా మన పల్లె బాటల మీద పనిచేస్తూనే ఉంది.

నీలో నాకు అన్నిటికన్నా అబ్బురం లీడింగ్ షూ. తిరిగే డ్రమ్ము దాన్ని తనవెంట లాక్కుపోబోతుంది. ఆ లాగుడుకే అది ఇంకా గట్టిగా అదుముకుంటుంది. పారిపోవాలనుకునే చక్రమే తనను ఆపేదానికి బలం పోస్తుంది! బుల్లెట్ ఏడంగుళాల ముందు డ్రమ్ములో రెండు షూలూ ఇలాంటివే. రెండు కామ్‌లు, వాటిని కలిపే చిన్న రాడ్డు. రెండూ ఒకే క్షణాన తాకేలా ఆ రాడ్డు పొడవు కుదర్చడం ఓపిక పరీక్షే. అయితే బండి వెనక్కి జారితే ఈ బలం తిరగబడుతుంది. సింహాచలం ఘాట్‌లో ఎత్తున ఆగినప్పుడు వెనక బ్రేకే దిక్కు.

ఎంత భారం మోస్తావో లెక్క కడితే ఒళ్ళు జలదరిస్తుంది. నలభైలో పోయే బండిని ఆపడానికి ఎంత శక్తిని మింగాలో, ఎనభైలో పోయేదాన్ని ఆపడానికి దానికి నాలుగింతలు మింగాలి. అదంతా వేడిగా మారి నీ ఒంట్లోకి దిగుతుంది. నువ్వు దాన్ని డ్రమ్ము గోడల గుండా గాలికి వదిలేస్తావు. దిగుడులో అదేపనిగా నొక్కి పట్టుకుంటే మాత్రం సొమ్మసిల్లుతావు. అందుకే ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌కీ కొంత పని ఇవ్వాలి.

నువ్వు నా చేతులకు చదువు చెప్పావు. షూల మీది పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి దుమ్మును నోటితో ఊదకూడదు, ఎయిర్ కొట్టకూడదు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. గాజులా మెరిసే లైనర్ చూడ్డానికి బాగుంటుందే గాని పట్టదు. కామ్‌కి గ్రీజు అద్దీ అద్దనట్టు అద్దాలి. లైనర్‌కి తగిలిందా, పనంతా వృథా. పెడల్ కాలి కింద అలలా ఎగిరితే డ్రమ్ము గుండ్రం తప్పిందన్నమాట, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ పట్టించాలి. చక్రం ఎక్కించాక ఆక్సిల్ వదులుగా ఉంచి, పెడల్ నొక్కి పట్టి, అప్పుడు నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము నడుమకు వాటంతటవే సర్దుకుంటాయి. ఎంత అందమైన కిటుకు!

కాళ్ళకూ చదువు చెప్పావు. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. కొత్త బండ్లకు అలవాటుపడ్డ కాలు కంగారులో గేరు మీద పడుతుంది. ఒంటికి ఆ వైపు అలవాటయ్యేదాకా బ్రేకు బాగుపడినట్టు కాదు.

పాత బండి ఇంటికి తెచ్చుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! క్రోమింగ్‌కీ రంగుకీ డబ్బు కట్టే ముందు చక్రాలు విప్పండి. కొత్త షూలు డ్రమ్ముకి ఒరిసి కుదురుకునేదాకా ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడపండి. రోడ్డెక్కే ముందు ఆక్సిల్ నట్టూ, బ్రేక్ ప్లేటు తిరగకుండా పట్టే నట్టూ తెలిసిన మేస్త్రీకి ఒకసారి చూపించండి.