ఐదవ రౌతు

మొహర్రం పదవనాడు దబీర్‌పురా బీబీకా అలావా నుండి చాదర్‌ఘాటు దిశగా సాగు ఊరేగింపులో, ఏనుగుపై ఆలము కదలుచుండ, గుండెలు బాదుకొను వేలాది జనుల ఘోష నడుమ బెదరక, గిట్ట తడబడక నిలుచు పోలీసు గుర్రమును చూచి, ఆ నిశ్చలత దానికి పుట్టుకతో వచ్చినదని తలచుట పొరపాటు. భయపడి పరుగెత్తుటయే గుర్రమునకు ప్రకృతి యిచ్చిన రక్షణ. ఆ భయమును దెబ్బతో గాక నమ్మకముతో అణచుటయే అశ్వశిక్షకు సారము. ఈ విద్యయందు నేను మొదట చేతులెత్తి మ్రొక్కునది పతకము గెలిచిన వీరునకు గాదు, అతని వెనుక నిలుచు రిజర్వు రౌతుకు.

దౌడు గుర్రముపైనుండి నేజాతో నేలలోని మేకు నెత్తు నేజాబాజీ ఆటలో జట్టున నలుగురు రౌతులు, ఐదవవాడు రిజర్వు. నలుగురిలో ఒక్కొక్కడు తన గుర్రము నోటి నెరిగిన చాలును. ఐదవవానికి అన్ని నోళ్ళును తెలియవలెను. ఒకటి వాగె కొస తాకినంతనే నిలుచును; ఒకటి రౌతు నడుము బరువు వెనుకకు వాలనిదే వినదు; మరియొకటి ఎడమ వలయమున హాయిగా సాగి కుడి వలయమున మెడ బిగించును. తెల్లవారకముందే ఆ గుర్రములకు పొడుగుతాడు కట్టి, ఇరువైపుల సమముగా త్రిప్పి, నాలుగడుగుల లయగల నడకనుండి రెండడుగుల దుల్కీకిని, దానినుండి మూడడుగుల కదమునకును, కళ్ళెము గుంజకయే మార్చి, సిద్ధమైన గుర్రమును ఇతరుని చేతికి అప్పగించువాడు ఇతడే. మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను అశ్వశాస్త్రమును తెలుగున సంతరించిన నాటినుండియు ఈ విద్య మనదే. ఇక నేజా సంగతి: దౌడు తీయు గుర్రము మీదనుండి రెండున్నర అంగుళముల వెడల్పైనను లేని మేకును గ్రుచ్చి ఎత్తునపుడు చేయి మొనను అడ్డగింపరాదు, గ్రుచ్చుకొన్న క్షణముననే మణికట్టు సడలి, భుజము వెనుకకు జారి, నేజా తన వేగముతో తానే తిరిగి పైకి లేవవలెను. మంచి రౌతు దానిని ఎత్తుచున్నప్పుడు, బలమన్నది ఎచ్చటను కనబడదు. అబ్బా, ఎంత సొగసు!

అయినను రిజర్వు రౌతు గొప్పతనము తెలియవలెనన్న అతనిని ప్రయాణములో చూడవలెను. బయలుదేరు ముందునాడే ఉలవలు, దాణా తగ్గించి గడ్డి పెంచును. ఏలయన గుర్రము వాంతి చేసికొనజాలదు, కడుపునొప్పి దానికి ప్రాణాంతకము. లారీలోనికి మొదట నెమ్మదియైన ముదుసలి గుర్రమును ఎక్కించిన, తక్కినవి దాని వెంట వచ్చును. తల ఎత్తిపట్టి కట్టుట మహాపరాధము. దారి పొడవునను తల దించుకొను వీలు లేకున్న దుమ్మును కఫమును ఊపిరితిత్తులకు దిగి, గమ్యము చేరునప్పటికి జ్వరము తగులును. క్రొత్త ఊరి నీటిని గుర్రము ముట్టదు గనుక, ఇంటివద్దనే కొన్నాళ్ళు నీటిలో బెల్లము కలిపి అలవాటు చేసి, పరాయిచోట ఆ రుచితోనే నీటిని త్రాగించును. రాత్రి అందరును నిద్రించుచుండ, ఇతడు డొక్కకు చెవి యానించి ప్రేవుల చప్పుడు వినును. చప్పుడున్నచో క్షేమము, నిశ్శబ్దమైనచో పశువైద్యుని లేపవలెను. నేనెరిగిన ఒక రౌతు, చెవి మొదలు తాకి జ్వరమున్నదో లేదో చెప్పెడివాడు. ఉష్ణమాపకము పిమ్మట దానికి సాక్ష్యమిచ్చెడిది.

హైదరాబాదు రౌతులకు వెనుక నిలుచు గౌరవము క్రొత్తది కాదు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణముపై జోధపురము, మైసూరు లాన్సర్లు దాడి చేసిరి; అదే బ్రిగేడుకు చెందిన హైదరాబాదు లాన్సర్లకు ఆ దాడిలో పాలుపంచుకొను వంతు రాలేదు. కాని ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహములలో ఒకటి మనవారిదే. ఆటల బరిలోను అంతే: 1982 ఏషియాడున షహజాదాపై స్వర్ణము గెలిచిన రఘుబీర్ సింగు తరువాత, నలుబదియొక్క సంవత్సరములకు హాంగ్‌ఝౌ ఏషియాడులో డ్రెసాజను అశ్వవిన్యాసపు పోటీలో మన జట్టు స్వర్ణము తెచ్చినపుడు, అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగుల మార్కులే కూడి 209.205 ఆయెను, సుదీప్తి హజేలా మార్కులు లెక్కకు రాలేదు, కాని పతకము నలుగురిదియును. అదియే న్యాయము! ఆ గుర్రములు యూరపునుండి విమానమున వెళ్ళినవి. మన గడ్డమీది గుర్రమునకు రోగరహిత ప్రాంతపు గుర్తింపు లేక సరిహద్దు మూతపడియుండెను. మీరట్ కంటోన్మెంటుకు ఆ అంతర్జాతీయ గుర్తింపు 2025లో గాని రాలేదు.

ఇంతటి విద్య వర్ధిల్లిన నగరమున నేడు సామాన్యుడు చూచు గుర్రమేది? పెళ్ళి ఊరేగింపున, ముళ్ళకళ్ళెము నోటిలో దిగి, నురుగులో నెత్తురు కలిసి, బ్యాండు మ్రోతకు "నాట్యము" చేయు గుర్రము! బాధతో కాళ్ళెత్తుటను నాట్యమని చప్పట్లు కొట్టుచున్నాము. ముళ్ళకళ్ళెమును 1965నాటి నిబంధనలే నిషేధించినవి. అయినను అది వీధివీధిని కనబడుచున్నది. దానిని వాడువారు రౌతు మెత్తనైనచో గుర్రము మూడు కాళ్ళతో నడచునను సామెతను తమకు అండగా చెప్పుకొందురు. మెత్తదనము చేతిలో ఉండవచ్చును, సంకల్పములో ఉండరాదని దాని భావము. ముల్లు గ్రుచ్చుమని కాదు. ఈ నకిలీ చూచి పెరిగిన బాలునికి అసలు అశ్వవిద్య యెట్లు తెలియును?

ఆ అసలు విద్య నిలిచియున్న పోలీసు గుర్రపుసాలలు గల గోషామహలు పోలీసు స్టేడియమున నూతన ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రిని కాదను కఠినుడెవడును లేడు. కాని ఆ గుర్రపుసాలలకు నగరమునందే, ఊరేగింపు దారులకు చేరువలో, మెత్తని ఇసుక వలయమును, రెండు పూటల నీరును, గాలి ఆడు పైకప్పును గల స్థలమును ఇవ్వవలెను. అందు ఐదవ రౌతుకును ఒక మంచము, ఒక జీను, సాధనకు ఒక గుర్రము, ఉద్యోగపు పట్టికలో పేరు ఉండవలెను.